చైనా స్టాక్ మార్కెట్: ఒకే కంపెనీలో రెండు రకాల షేర్లు ఎందుకు వచ్చాయి? ఆ చిక్కుముడిని ఎలా విప్పారు?

2005 జూన్ 10న చైనాలో రెండు లిస్టెడ్ కంపెనీల వాటాదారులు ఓటు వేశారు. ఒకటి నిర్మాణ యంత్రాలు తయారు చేసే సానీ హెవీ ఇండస్ట్రీ. రెండోది చింగ్‌హ్వా విశ్వవిద్యాలయం చేతిలో ఉన్న టెక్నాలజీ కంపెనీ చింగ్‌హ్వా టోంగ్‌ఫాంగ్.

రెండు చోట్లా ప్రశ్న ఒకటే. ఇన్నాళ్లూ మార్కెట్లో అమ్మడానికి వీల్లేని పెద్ద వాటాదారుల షేర్లకు ఇక అమ్ముకునే హక్కు ఇవ్వాలా, వద్దా?

సానీలో చిన్న మదుపరులు సరే అన్నారు. టోంగ్‌ఫాంగ్‌లో కుదరదన్నారు. ప్రభుత్వమే ముందుండి నడిపిస్తున్న సంస్కరణ అది. అయినా టోంగ్‌ఫాంగ్ చిన్న వాటాదారుల మాటే చెల్లింది. కంపెనీ తర్వాత మరో ప్రతిపాదనతో వాళ్ల ముందుకు రావాల్సి వచ్చింది.

ఒకే పార్టీ పాలించే దేశంలో, ప్రభుత్వ సంస్థ పెట్టిన ప్రతిపాదనను మామూలు మదుపరులు తిప్పికొట్టే పరిస్థితి ఎలా వచ్చింది? అక్కడిదాకా రావడానికి చైనాకు 15 ఏళ్లు ఎందుకు పట్టింది?

క్లుప్తంగా చెప్పాలంటే..

- చైనా 1990లో స్టాక్ ఎక్స్ఛేంజ్‌లు తెరిచింది. ప్రభుత్వ ఆస్తి ప్రైవేటు చేతుల్లోకి పోకూడదని కంపెనీల్లో మెజారిటీ షేర్లను ట్రేడింగ్‌కు దూరంగా ఉంచింది.
- 2004 చివరికి లిస్టెడ్ కంపెనీల మొత్తం షేర్లలో 64 శాతం ఇలా ట్రేడ్ కానివే. వాటిలో 74 శాతం ప్రభుత్వానివి.
- 2001లో ఆ షేర్లను అమ్మబోతే మార్కెట్ కుప్పకూలింది. నాలుగు నెలల్లోనే ఆపేయాల్సి వచ్చింది.
- 2005లో చిన్న వాటాదారులకు పరిహారం ఇచ్చి, వాళ్ల ఓటుతోనే అదే పని చేశారు. ఈసారి సాధ్యమైంది.
- నష్టపోయిన మదుపరి కోర్టుకెళ్లి డబ్బు రాబట్టుకునే దారి మాత్రం ఆ తర్వాత మరో 15 ఏళ్లకు గానీ సరిగా తెరుచుకోలేదు.

సోషలిస్టు దేశంలో షేర్లు ఎలా మొదలయ్యాయి?

1978 తర్వాత చైనా ఆర్థిక సంస్కరణలు మొదలుపెట్టింది. ఫ్యాక్టరీలకు డబ్బు కావాలి. ప్రభుత్వ ఖజానా, ప్రభుత్వ బ్యాంకులు మాత్రమే అన్నిటికీ సరిపోవు. దీంతో 1980లలో కొన్ని సంస్థలు ప్రయోగంగా ప్రజలకు షేర్లు అమ్మాయి. 1984లో షాంఘైలో ఫెయిలో అకౌస్టిక్స్ అనే కంపెనీ 50 యువాన్ల ముఖవిలువతో షేర్లు జారీ చేసింది.

1986లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఛైర్మన్ జాన్ ఫెలన్ చైనాకు వచ్చినప్పుడు, డెంగ్ జియావోపింగ్ ఆయనకు ఇచ్చిన కానుక ఈ ఫెయిలో షేరే. అది వేరొకరి పేరుతో ఉండటంతో, ఫెలన్ షాంఘై వెళ్లి అక్కడి చిన్న ట్రేడింగ్ కౌంటర్‌లో తన పేరు మీదకు మార్పించుకున్నారు. అప్పటికి చైనాలో స్టాక్ మార్కెట్ అంటే అలాంటి కౌంటరే.

1990 డిసెంబర్ 19న షాంఘై స్టాక్ ఎక్స్ఛేంజ్ ఎనిమిది కంపెనీల షేర్లతో ట్రేడింగ్ మొదలుపెట్టింది. దక్షిణాన షెన్‌జెన్‌లోనూ అదే నెలలో ప్రయోగాత్మకంగా ట్రేడింగ్ మొదలైంది.

కానీ పార్టీలో చాలామందికి అనుమానాలున్నాయి. షేర్ మార్కెట్ పెట్టుబడిదారీ వ్యవస్థకు గుర్తు కదా, మనకెందుకన్నది వాళ్ల ప్రశ్న. 1992 మొదట్లో దక్షిణ చైనా పర్యటనలో డెంగ్ దీనికి సమాధానమిచ్చారు. ముందు ప్రయత్నించి చూద్దాం, తప్పని తేలితే మూసేద్దాం అన్నది ఆ సమాధానం సారాంశం.

ఆ ఏడాది ఆగస్టులో షెన్‌జెన్‌లో కొత్త షేర్ల కోసం లాటరీ దరఖాస్తు ఫారాలు అమ్మారు. వాటి కోసం లక్షల మంది క్యూ కట్టారు. ఫారాలు చూస్తుండగానే అయిపోయాయి. లోపలివాళ్లే తమవారికి దాచిపెట్టుకున్నారన్న కోపంతో జనం రోడ్లమీదకు వచ్చారు. రెండు నెలల్లోనే, 1992 అక్టోబర్‌లో, మన సెబీ లాంటి నియంత్రణ సంస్థ చైనా సెక్యూరిటీస్ రెగ్యులేటరీ కమిషన్‌ ఏర్పాటైంది.

అక్కడ మార్కెట్ ముందు వచ్చింది, నియంత్రణ సంస్థ తర్వాత వచ్చింది. చట్టాలు ఇంకా ఆలస్యంగా వచ్చాయి. కంపెనీల చట్టం 1993 డిసెంబర్‌లో ఆమోదం పొంది 1994 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. సెక్యూరిటీల చట్టం 1999 జులై 1 నుంచి అమలైంది.

ఒకే కంపెనీలో రెండు రకాల షేర్లు ఎందుకు?

ప్రభుత్వ ఫ్యాక్టరీని కంపెనీగా మార్చి షేర్లు అమ్మితే, రేపు ఎవరైనా మార్కెట్లో షేర్లన్నీ కొనేసి యజమాని అయిపోవచ్చు. అప్పుడు ప్రజల ఆస్తి ప్రైవేటు ఆస్తి అయిపోతుంది. షేర్ మార్కెట్‌ను వ్యతిరేకించినవాళ్ల ప్రధాన భయం ఇదే.

దానికి మధ్యేమార్గంగా 1992లో వచ్చిన నిబంధనలు షేర్లను యజమానిని బట్టి విడదీశాయి. ప్రభుత్వ షేర్లు, సంస్థల షేర్లు, వ్యక్తుల షేర్లు, విదేశీయుల షేర్లు అని పేర్లు పెట్టారు. ఆచరణలో ఇవి రెండే రకాలు. ప్రజలు కొన్నవి ఎక్స్ఛేంజ్‌లో ట్రేడవుతాయి. ప్రభుత్వానివి, దాని సంస్థలవి, ప్రైవేటు కంపెనీలైతే వ్యవస్థాపకులవి ట్రేడ్ కావు.

డివిడెండ్, ఓటు విషయంలో ఏ షేరైనా ఒకటే. తేడా అంతా అమ్ముకునే హక్కులోనే. ట్రేడ్ కాని షేర్లు చేతులు మారాలంటే విడిగా ఒప్పందం చేసుకోవాలి. సాధారణంగా కంపెనీ పుస్తక విలువ చుట్టుపక్కల ధరకే ఆ ఒప్పందాలు జరిగేవి. మార్కెట్లో జనం కొనే ధర దానికి ఎన్నో రెట్లు ఉండేది.

మనకు తెలిసిన అపార్ట్‌మెంట్ లెక్కలో చూద్దాం. ఒక కాంప్లెక్స్‌లో 100 ఫ్లాట్లున్నాయి. 64 బిల్డర్ దగ్గరే ఉన్నాయి, వాటిని ఆయన అమ్మకూడదని రూల్. మార్కెట్లో దొరికేవి 36 మాత్రమే. కొనేవాళ్లు ఎక్కువ, ఫ్లాట్లు తక్కువ కాబట్టి ధర బాగా పెరిగింది. అసోసియేషన్‌లో 64 ఓట్లు బిల్డర్‌వే కనుక నిర్ణయాలన్నీ ఆయనవే. ఒకరోజు ‘రేపటి నుంచి బిల్డర్ తన ఫ్లాట్లు అమ్ముకోవచ్చు’ అని ఉత్తర్వు వచ్చింది. ఎక్కువ ధర పెట్టి కొన్న 36 మంది పరిస్థితి ఏంటి?

చైనా స్టాక్ మార్కెట్ మొత్తం ఇదే పరిస్థితిలో ఉండేది.

దీంతో నష్టం ఎవరికి?

మొదటి నష్టం, కంపెనీని నడిపించేవాళ్లకు షేరు ధరతో పనిలేకపోవడం. షేరు పెరిగినా, పడినా పెద్ద వాటాదారుకు ఒకటే. ఎందుకంటే తన షేర్లు ఆ ధరకు అమ్ముకోలేరు. వాళ్లకు పెరగాల్సింది కంపెనీ పుస్తక విలువ. అది పెంచడానికి సులువైన మార్గం, మార్కెట్లో ఎక్కువ ధరకు మళ్లీ కొత్త షేర్లు అమ్మడం. ఆ డబ్బు జనం ఇస్తారు, పుస్తక విలువ అందరికీ పెరుగుతుంది. అందుకే అప్పట్లో చాలా కంపెనీలకు స్టాక్ మార్కెట్ వడ్డీ లేని డబ్బు దొరికే చోటుగా కనిపించింది.

రెండోది, మాతృసంస్థల దోపిడీ. తొలి రోజుల్లో ఏ రాష్ట్రం ఎంత మేర షేర్లు లిస్ట్ చేయొచ్చో ప్రభుత్వమే కోటా ఇచ్చేది. కోటా చిన్నది, ఫ్యాక్టరీ పెద్దది. దాంతో లాభాలొచ్చే విభాగాన్ని మాత్రం విడదీసి లిస్ట్ చేసేవారు. అప్పులు, అదనపు సిబ్బంది, ఫ్యాక్టరీ నడిపే బడి, ఆసుపత్రి లాంటి భారాలన్నీ మాతృసంస్థకు వదిలేసేవారు. తర్వాత మాతృసంస్థకు కష్టం వచ్చినప్పుడల్లా పిల్ల కంపెనీ జేబులో చేయి పెట్టేది. అప్పుల పేరుతో, హామీల పేరుతో, ఎక్కువ ధరకు సరుకు అమ్మడం ద్వారా డబ్బు అటు వెళ్లేది.

మూడోది, అడిగే నాథుడు లేకపోవడం. చిన్న వాటాదారులందరూ కలిసినా మూడో వంతు ఓట్లే. బోర్డును మార్చలేరు. కంపెనీ బాగా నడవకపోతే బయటివాళ్లు షేర్లు కొని స్వాధీనం చేసుకుంటారన్న భయం కూడా యాజమాన్యానికి లేదు, ఎందుకంటే మెజారిటీ షేర్లు మార్కెట్‌కే రావు.

కోర్టుకెళ్తే?

2001లో యింగ్వాంగ్‌షా అనే కంపెనీ లాభాలు కల్పించి చూపించిందని ఒక చైనా పత్రిక బయటపెట్టింది. షేరు కుప్పకూలింది. మదుపరులు కోర్టుల తలుపు తట్టారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో చైనా సుప్రీం పీపుల్స్ కోర్టు ఇలాంటి కేసులను ప్రస్తుతానికి తీసుకోవద్దని కింది కోర్టులకు చెప్పింది.

2002 జనవరిలో ఆ తలుపు కొద్దిగా తెరిచింది. కంపెనీ తప్పుడు సమాచారం ఇచ్చిన కేసులను తీసుకోవచ్చంది. దానికీ ఓ షరతు పెట్టింది. ముందుగా ప్రభుత్వ సంస్థ ఆ కంపెనీకి శిక్ష వేసి ఉండాలి. ప్రభుత్వం తప్పని తేల్చేదాకా మదుపరికి కేసు వేసే హక్కు లేదన్నమాట. ఈ షరతును పూర్తిగా తీసేసింది 2022 జనవరిలో. అంటే 20 ఏళ్లు ఉంది.

2001లో మొదటి ప్రయత్నం ఎందుకు విఫలమైంది?

రెండు రకాల షేర్ల విధానం సరికాదని ప్రభుత్వానికీ తెలుసు. దానికి తోడు పింఛన్ల నిధికి డబ్బు కావాలి. ప్రభుత్వ కంపెనీల్లో షేర్లు కొన్ని అమ్మి ఆ డబ్బు సామాజిక భద్రత నిధిలో వేద్దామనుకున్నారు.

2001 జూన్‌లో కేబినెట్ స్థాయి నిబంధనలు వచ్చాయి. ఇకపై కంపెనీ కొత్తగా షేర్లు జారీ చేసినప్పుడు, సేకరించే మొత్తంలో 10 శాతం విలువైన ప్రభుత్వ షేర్లను కూడా అమ్మాలి. అదీ మార్కెట్ ధరకే.

ఉద్దేశం మంచిదే. చిక్కంతా ధర దగ్గర వచ్చింది. ఆ షేర్లు అమ్మకానికి రావన్న నమ్మకంతోనే జనం అంత ధర పెట్టి కొన్నారు. ఇప్పుడు ప్రభుత్వం అదే ధరకు తన షేర్లూ అమ్ముతానంటోంది. ఈరోజు 10 శాతం అయితే రేపు ఎంత? కొన్నవాళ్లందరూ ఒకేసారి ఇదే లెక్క వేసుకున్నారు.

షాంఘై కాంపోజిట్ సూచీ ఆ జూన్‌లో 2,245 దగ్గర ఉంది. అక్కడి నుంచి వేగంగా పడిపోయింది. అక్టోబర్‌లో ప్రభుత్వం ఈ పథకాన్ని ఆపేసింది. 2002 జూన్‌లో దేశీయ మార్కెట్ వరకు పూర్తిగా రద్దు చేసింది. కానీ అమ్మకం భయం పోలేదు. మళ్లీ ఎప్పుడో ఒకప్పుడు ఆ షేర్లు వస్తాయన్న అనుమానంతోనే మార్కెట్ నాలుగేళ్లు నీరసించింది. 2005 జూన్ 6న సూచీ 1,000 దిగువకు, 998కి చేరింది. దేశ ఆర్థిక వ్యవస్థ దూసుకెళ్తున్న కాలమది. స్టాక్ మార్కెట్ మాత్రం సగానికి పైగా కరిగిపోయింది.

2005లో ఏం మార్చారు?

2005 ఏప్రిల్ 29న సెక్యూరిటీస్ కమిషన్ కొత్త ప్రయోగం ప్రకటించింది. విడిచిన బాణం వెనక్కి రాదన్న సామెతను గుర్తుచేస్తూ, ఈసారి వెనకడుగు లేదని అప్పటి ఛైర్మన్ షాంగ్ ఫులిన్ చెప్పారు. సానీ, టోంగ్‌ఫాంగ్ సహా నాలుగు కంపెనీలను ముందుగా ఎంచుకున్నారు.

2001కీ, 2005కీ అసలు తేడా మూడు విషయాల్లో ఉంది.

1. పరిహారం: అమ్ముకునే హక్కు ఊరికే రాదు. పెద్ద వాటాదారు ఆ హక్కును చిన్న వాటాదారుల దగ్గర కొనుక్కోవాలి. ఎలా, ఎంత అన్నది ఏ కంపెనీకి ఆ కంపెనీ తేల్చుకోవాలి.

2. వేరుగా ఓటు: ప్రతిపాదనకు మొత్తం ఓట్లలో మూడింట రెండు వంతులు రావాలి. అది చాలదు. ఓటేసిన ట్రేడయ్యే షేర్ల యజమానుల్లోనూ విడిగా మూడింట రెండు వంతులు రావాలి. ఇంట్లో నుంచే ఇంటర్నెట్‌లో ఓటేసే ఏర్పాటు తప్పనిసరి చేశారు.

3. లాక్-ఇన్: ఆమోదం వచ్చినా ఏడాదిపాటు అమ్మకూడదు. 5 శాతం కంటే ఎక్కువ వాటా ఉన్నవాళ్లు ఆ తర్వాతి 12 నెలల్లో కంపెనీ మొత్తం షేర్లలో 5 శాతం వరకు, 24 నెలల్లో 10 శాతం వరకే అమ్మాలి.

సానీ మొదట ప్రతి 10 షేర్లకు 3 షేర్లు, 8 యువాన్ల నగదు ఇస్తామంది. మదుపరులతో చర్చల తర్వాత 3.5 షేర్లకు పెంచింది. అంటే 1,000 షేర్లున్న వ్యక్తికి 350 షేర్లు, 800 యువాన్లు అదనంగా వస్తాయి. ఇవి కొత్తగా ముద్రించిన షేర్లు కావు, పెద్ద వాటాదారులు తమ ఖాతా నుంచి ఇచ్చినవి.

టోంగ్‌ఫాంగ్ దారి వేరు. ఆ ప్రతిపాదనకు చిన్న వాటాదారుల్లో సగానికి పైగానే మద్దతు వచ్చింది గానీ, మూడింట రెండు వంతులు రాలేదు. అక్కడితో ఆగిపోయింది.

పరిహారం లెక్క ఎలా పనిచేసింది?

దేశం మొత్తం మీద చూస్తే ప్రతి 10 షేర్లకు సుమారు 3 షేర్లు అన్నది మామూలు రేటుగా స్థిరపడింది. దాన్ని ఊహాత్మక లెక్కలో చూద్దాం.

మీ దగ్గర 10 షేర్లున్నాయి, ఒక్కోటి 10 యువాన్లు. మొత్తం విలువ 100 యువాన్లు. మీకు 3 షేర్లు ఉచితంగా వస్తే మొత్తం 13 అవుతాయి. ఇప్పుడు షేరు ధర 7.69 యువాన్లకు పడినా మీ విలువ 100 యువాన్ల దగ్గరే ఉంటుంది. అంటే ధర 23 శాతం పడేదాకా మీకు నష్టం లేదు.

ఇప్పుడు పెద్ద వాటాదారు వైపు నుంచి చూద్దాం. కంపెనీలో 64 శాతం ఆయనవి, 36 శాతం జనానివి. 36 శాతం మీద 10కి 3 చొప్పున ఇస్తే ఆయన వదులుకున్నది 10.8 శాతం. ఇంకా 53.2 శాతం ఆయన దగ్గరే ఉంటుంది. అంటే పరిహారం చెల్లించినా కంపెనీ మీద పట్టు పోలేదు. ప్రభుత్వం దీనికి ఒప్పుకోవడానికి ఈ లెక్క కూడా ఒక కారణం.

ఇది సబబేనా అన్న వాదన అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ప్రజల ఆస్తిలో భాగాన్ని స్టాక్ మార్కెట్లో పందెం కాసినవాళ్లకు ఎందుకివ్వాలన్నది ఒక వాదన. ఆ షేర్లు ట్రేడ్ కావని చెప్పే ఎక్కువ ధరకు అమ్మారు కాబట్టి, మాట మార్చినందుకు మూల్యం చెల్లించాల్సిందేనన్నది రెండోది. ఇంకో విమర్శ కూడా ఉంది. 10కి 3 అన్నది అలవాటు రేటుగా మారడంతో, మంచి కంపెనీకీ, చెడ్డ కంపెనీకీ తేడా లేకుండా అదే రేటు నడిచిందని. ముందే పరిహారం పుచ్చుకునేందుకు ఆశపడి కొత్తగా షేర్లు కొన్నవాళ్లూ ఉన్నారు. ఏళ్లక్రితం ఎక్కువ ధరకు కొని, నష్టానికి అమ్ముకుని వెళ్లిపోయినవాళ్లకు మాత్రం ఏమీ దక్కలేదు.

ఫలితం ఏమైంది?

సంస్కరణ సాగుతున్నంతకాలం కొత్త ఐపీఓలను ఆపేశారు. 2006 మధ్యలో మళ్లీ మొదలుపెట్టారు. 2006 చివరికల్లా దాదాపు అన్ని లిస్టెడ్ కంపెనీలూ ఈ ప్రక్రియను పూర్తిచేశాయి లేదా ప్రారంభించాయి.

మార్కెట్ విపరీతంగా పెరిగింది. 2007 అక్టోబర్ 16న షాంఘై సూచీ 6,124కు చేరింది. ఈ పెరుగుదలంతా సంస్కరణ వల్లేనని చెప్పలేం. ఆర్థిక వృద్ధి, కుప్పలుతెప్పలుగా వచ్చిన కొత్త మదుపరులు కూడా కారణం.

ఏడాది తిరిగేసరికి, 2008 అక్టోబర్ చివర్లో, అదే సూచీ 1,664కు పడింది. ప్రపంచ ఆర్థిక సంక్షోభం ప్రధాన కారణం. సరిగ్గా అప్పుడే లాక్-ఇన్ గడువులు తీరి పాత షేర్లు అమ్మకానికి రావడం మరో భారమైంది. ఒక నెలలో కంపెనీ షేర్లలో 1 శాతం కంటే ఎక్కువ అమ్మాలనుకుంటే బ్లాక్ ట్రేడ్ పద్ధతిలోనే అమ్మాలని 2008 ఏప్రిల్‌లో కమిషన్ నిబంధన పెట్టాల్సి వచ్చింది. పరిహారం తీసుకుని 2007 శిఖరం దగ్గర కొత్తగా షేర్లు కొన్నవాళ్లకు ఆ పరిహారం ఏ మూలకూ చాలలేదు.

చట్టాల్లో ఏం మారింది?

షేర్ల సంస్కరణ జరుగుతుండగానే, 2005 అక్టోబర్‌లో కంపెనీల చట్టాన్ని, సెక్యూరిటీల చట్టాన్ని భారీగా సవరించారు. ఇవి 2006 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

- డైరెక్టర్లు కంపెనీకి నష్టం చేస్తే, కంపెనీ తరఫున వాటాదారులే కేసు వేయొచ్చు.
- కంపెనీ ముసుగులో అప్పులు ఎగ్గొట్టే యజమానిని వ్యక్తిగతంగా బాధ్యుణ్ని చేయొచ్చు.
- లిమిటెడ్ కంపెనీ పెట్టడానికి కావాల్సిన కనీస మూలధనం 30,000 యువాన్లకు తగ్గింది. 2014 నుంచి చాలా రంగాల్లో ఆ కనీస పరిమితినే తీసేశారు.

కోటాల కాలం పోయి 2001లో కమిషన్ అనుమతి విధానం వచ్చింది. 2019 జులైలో షాంఘైలో టెక్ కంపెనీల కోసం స్టార్ మార్కెట్ 25 కంపెనీలతో మొదలైంది. ఏ కంపెనీ మంచిదో ప్రభుత్వం తేల్చే బదులు, కంపెనీ సమాచారమంతా బయటపెడితే ఎంత ధర పెట్టాలో మదుపరులే తేల్చుకునే రిజిస్ట్రేషన్ పద్ధతిని అక్కడ ప్రయోగించారు. 2023లో దీన్ని మార్కెట్ మొత్తానికి విస్తరించారు.

2024 జులై 1 నుంచి మరో కొత్త కంపెనీల చట్టం అమలవుతోంది. లిమిటెడ్ కంపెనీ పెట్టినవాళ్లు తాము ఇస్తామన్న మూలధనాన్ని ఐదేళ్లలోగా చెల్లించి తీరాలి. కాగితం మీద కోట్లు చూపించి, చేతిలో పైసా పెట్టని కంపెనీలకు కళ్లెం వేయడం దీని ఉద్దేశం.

కోర్టు తలుపు ఎప్పుడు తెరుచుకుంది?

దీనికి కాంగ్‌మే ఫార్మా కేసు చూడాలి. సంప్రదాయ మందులు అమ్మే ఈ పెద్ద కంపెనీ లేని నగదును ఉన్నట్టు లెక్కల్లో చూపించింది. 2017 లెక్కల్లోనే ఆ తేడా సుమారు 3,000 కోట్ల యువాన్లు. 2020లో కమిషన్ కంపెనీకి వేసిన జరిమానా ఎంతో తెలుసా? 6 లక్షల యువాన్లు. పాత చట్టం ప్రకారం అదే గరిష్ఠం.

2020 మార్చి 1న అమల్లోకి వచ్చిన కొత్త సెక్యూరిటీల చట్టం తప్పుడు సమాచారానికి గరిష్ఠ జరిమానాను కోటి యువాన్లకు పెంచింది. అంతకంటే ముఖ్యమైన మార్పు ఇంకొకటి. కనీసం 50 మంది మదుపరులు కోరితే, మదుపరుల రక్షణ సంస్థ అందరి తరఫునా కేసు నడపొచ్చు. వద్దని చెప్పినవాళ్లు తప్ప నష్టపోయినవాళ్లంతా అందులో చేరినట్టే లెక్క. ఒక్కొక్కరు లాయర్‌ను పెట్టుకుని తిరగక్కర్లేదు.

ఈ పద్ధతిలో వచ్చిన తొలి తీర్పు కాంగ్‌మేదే. 2021 నవంబర్ 12న గ్వాంగ్‌జౌ కోర్టు 52,037 మంది మదుపరులకు 245.9 కోట్ల యువాన్లు చెల్లించాలని తీర్పిచ్చింది. ఆడిట్ సంస్థను, కంపెనీ పెద్దలను కూడా బాధ్యుల్ని చేసింది. ఐదుగురు స్వతంత్ర డైరెక్టర్లను ఆ మొత్తంలో 5 నుంచి 10 శాతం వరకు బాధ్యుల్ని చేసింది. సంతకం పెట్టి ఫీజు తీసుకుంటే చాలనుకునే పదవి అది. తీర్పు తర్వాత ఇతర కంపెనీల్లో పలువురు స్వతంత్ర డైరెక్టర్లు రాజీనామా చేశారు.

అయితే ఇందులో ఓ పరిమితి ఉంది. అలాంటి కేసు నడపాలా వద్దా అన్నది ప్రభుత్వ పర్యవేక్షణలోని సంస్థ చేతిలోనే ఉంది. మదుపరులు తమంతట తాము ఈ దారిలో వెళ్లలేరు.

ఏం మారలేదు?

ప్రభుత్వ షేర్లు అమ్ముకునే హక్కు వచ్చిందే తప్ప, ప్రభుత్వం పెద్ద కంపెనీలను వదులుకోలేదు. బ్యాంకులు, చమురు, టెలికాం లాంటి రంగాల్లో మెజారిటీ ఇప్పటికీ ప్రభుత్వానిదే. కంపెనీల్లో కమ్యూనిస్టు పార్టీ శాఖల ఏర్పాటుకు 1993 చట్టం నుంచి ఇప్పటిదాకా చోటుంది. వాటాదారుల ప్రయోజనం, పార్టీ విధానం ఒకదానికొకటి ఎదురైతే ఏది నెగ్గుతుందన్న ప్రశ్నకు షేర్ల సంస్కరణ దగ్గర సమాధానం లేదు.

మనకు ఇందులో ఏముంది?

ఈ కథ తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. 2009 జనవరి 7న హైదరాబాద్ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌లోనూ లేని నగదును లెక్కల్లో చూపించినట్టు బయటపడింది. అమెరికా కోర్టులో వేసిన క్లాస్ యాక్షన్ కేసులో సత్యం 12.5 కోట్ల డాలర్లకు రాజీ పడింది. ఆ డబ్బు ప్రధానంగా అమెరికాలో ఆ కంపెనీ ఏడీఆర్‌లు కొన్నవాళ్లకు వెళ్లింది. మన ఎక్స్ఛేంజ్‌ల్లో షేర్లు కొన్న ఇక్కడి మదుపరులకు అలాంటి సామూహిక కేసు దారి అప్పట్లో లేదు. 2013 కంపెనీల చట్టంలోని 245వ సెక్షన్ తర్వాత ఆ దారి చూపించింది. 2016లో అది అమల్లోకి వచ్చింది.

ప్రభుత్వ వాటా విషయంలో మన పద్ధతి వేరు. ఎల్ఐసీ షేరు మీ దగ్గరున్నా, ప్రభుత్వం దగ్గరున్నా అది ఒకే రకం షేరు. కానీ 2022 మేలో ఐపీఓకి వచ్చినప్పుడు అమ్మింది 3.5 శాతమే. కనీస పబ్లిక్ వాటా 10 శాతానికి చేరడానికి 2027 మే వరకు సెబీ గడువిచ్చింది. మిగతా వాటా ఎప్పుడు, ఎంత, ఏ ధరకు వస్తుందన్న ప్రశ్న ఆ షేరు కొనే ప్రతి ఒక్కరి ముందూ ఉంటుంది. చైనా మదుపరులు 2001లో వేసుకున్న ప్రశ్న కూడా ఇదే.

అందుకే ప్రభుత్వ కంపెనీ అయినా, ప్రైవేటు కంపెనీ అయినా, షేరు కొనేముందు లాభాల పట్టికతో పాటు మూడు విషయాలు చూసుకోవాలి.

- ప్రమోటర్ వాటా ఎంత, అందులో ఎంత లాక్-ఇన్‌లో ఉంది, ఆ గడువు ఎప్పుడు తీరుతుంది? ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్‌లో ప్రతి మూడు నెలలకు ఒకసారి వచ్చే షేర్‌హోల్డింగ్ పట్టికలో వాటాల వివరాలు ఉంటాయి.
- కంపెనీ తన ప్రమోటర్ల సంస్థలతో ఏ లావాదేవీలు చేస్తోంది? వార్షిక నివేదికలో ‘రిలేటెడ్ పార్టీ’ పేరుతో ఈ లెక్క ఉంటుంది.
- మీకు ఈ-ఓటింగ్ మెయిల్ వస్తోందా? వస్తే వాడుతున్నారా?

చివరి ప్రశ్న చాలామందికి చిన్నదిగా కనిపిస్తుంది. టోంగ్‌ఫాంగ్ ప్రతిపాదనను 2005లో ఆపింది అలాంటి ఓట్లే.